మూడు నెలల మాత్ర

"అరగంటలో పోయే నొప్పికి మూడు నెలల మందేటే?" వారం రోజులుగా అంటున్న మాటే మళ్లీ అంది జగదాంబ. "కొట్లో మాత్ర తెచ్చి వేసుకో. ఇట్టే పోతాది."

కోడలు మోహిని ఎడమ కణత నొక్కుకుని, వెలుతురుకి వీపు పెట్టి కూర్చుంది. కొబ్బరాకుల సందుల్లోంచి పడే ఎండకే ఆమె కళ్లు మూసుకుపోతున్నాయి.

"నొప్పి మాత్ర ఒద్దన్నాడత్తా డాక్టరు. ఇది బి2 విటమిన్. రోజూ మింగితే నొప్పి రావడమే తగ్గుతాదట. బేగి కాదు, మూడు నెల్లు పడతాది."

"అది మింగితే ఒంటేలు పసుపునీళ్లలాగ వత్తందన్నావు కదే!"

"అది మందు రంగే. భయం నేదన్నాడు."

"భయం నేకపోతే నొప్పి మాత్రెందుకు మింగవు? కిడ్నీలు పాడైపోతాయనేనా? మావి పోతే పోయాయి, నీవి మాత్రం బంగారంలాగ దాసుకో!"

చెప్పులేసుకుంటున్న కొడుకు గణేష్ తలెత్తాడు. ముప్పై ఏళ్లకే షుగరు వచ్చినవాడు. "అమ్మా, ఊరుకో. ఆటో వచ్చింది."

ఆ ఊళ్లో, కిడ్నీలు ఎంత పాడయ్యాయో చెప్పే క్రియాటినిన్ ఎంతని అడగడం వయసెంతని అడిగినంత మామూలు. జగదాంబ భర్త అప్పలరాజుది మెల్లగా పెరుగుతోంది. జగదాంబది రెండేళ్ల క్రితమే చేయి దాటింది. వారానికి మూడుసార్లు సోంపేటలో డయాలసిస్.

యంత్రం పక్క మంచం మీద ఆమెకు అది నిద్రా కాదు, మెలకువా కాదు. రక్తం గొట్టాల్లో తిరుగుతుంటే తానొక పడవలో పడుకుని ఊరి మీదుగా తేలిపోతున్నట్టుండేది. కింద జీడితోటలు పూత మీద ఉండేవి. ఆ వాసనలో కొత్త కోడలిగా వచ్చిన తను, బావి దగ్గర దోసిట్లో నీళ్లు తాగుతూ కనిపించేది. పడవ పక్కనే మోహిని నడిచొచ్చేది. ఈమధ్య మాత్రం ఆమె ఒడ్డునే ఆగిపోతోంది.

ఆగిపోదా మరి? ఈ ఊరి జబ్బు తనకీ అంటుతుందని హడలిపోతున్నట్టుంది పిల్ల. మొగుడూ పెళ్లాం ఇప్పటికి మూడుసార్లు విశాఖపట్నం వెళ్లొచ్చారు. అడిగితే తలనొప్పికి అన్నారు. మొన్న హరిశ్చంద్రపురం నుంచి మోహిని తండ్రి నాగేంద్రబాబు వచ్చాడు. తోటలో కూతురితో గంటసేపు వాదించి, కళ్లు తుడుచుకుంటూ వెళ్లిపోయాడు.

"వేరు పోతారు," అంది జగదాంబ భర్తతో.

"ఎల్లనీ. నీళ్లు మంచివున్న సోట బతుకుతారు."

"మరి నన్ను ఆటో ఎవులెక్కిత్తారు?"

అప్పలరాజు కొబ్బరితాడు పురి విప్పసాగాడు.

ఒకరోజు సోంపేటలో నర్సు మామూలు కంటే ఓ గొట్టం రక్తం ఎక్కువ తీసి గణేష్ చేతికిచ్చింది. ఎందుకురా అంటే టెస్టుకి అన్నాడు. ఆ మగతలో ఇంకేమీ అడగబుద్ధి కాలేదు ఆమెకు.

నొప్పి వచ్చినప్పుడల్లా మోహిని తడిగుడ్డ కట్టుకుని చీకటి గదిలో పడుకునేది. మొదటి నెల ఆరుసార్లు. రెండో నెల నాలుగు. మూడో నెల ఒక్కసారే వచ్చి, చిరుజల్లులా పోయింది. ఇల్లంతా తేలికపడింది. జగదాంబకు మాత్రం గుండెల్లో రాయి పడింది. తలనొప్పి కూడా తగ్గిన మనిషి ఇంక ఇక్కడెందుకుంటుంది?

ఆదివారం మధ్యాహ్నం నాగేంద్రబాబు మళ్లీ వచ్చాడు. అందరూ భోజనాలకు కూర్చున్నాక మోహిని చేతులు తుడుచుకుంది.

"విశాఖ నుంచి కాగితం వచ్చిందత్తా. అన్నీ కుదిరాయి. వచ్చే నెల ఎల్లాలి."

జగదాంబ చేతిలో ముద్ద ఆగింది. కాళ్ల కింద పడవ మెల్లగా కదిలినట్టనిపించింది.

"ఎల్లండమ్మా," అంది చివరికి. "నా గురించి ఆలోసించకండి. ఆటో నాను ఒక్కదాన్నే ఎక్కగలను."

"ఒక్కదానివెందుకు? నువ్వూ మాతో రావాల."

"నన్నెక్కడికే మోసుకుపోతావు? ఈ మిషను ముసిల్దాంతో నీకేటి పని?"

గణేష్ కంచంలోకి చూస్తున్నాడు. నాగేంద్రబాబు పైకండువా ముఖానికి అడ్డం పెట్టుకున్నాడు. మోహిని గొంతు పెంచలేదు. అయినా అందరికీ వినబడింది.

"నా కిడ్నీ ఒకటి నీకిత్తన్నానత్తా."