మొదటి మంగళవారం

“ముందు గోడలు కాదు, నేల చూడమ్మా,” అన్నాడు షాలేం రాజు. జేబులోంచి గోళీ తీసి హాల్లో పలకల మీద వదిలాడు. గోళీ ఒక్క క్షణం ఆగి, వంటింటి వైపు దొర్లుకుంటూ పోయింది.

“చూశావా? ఫౌండేషన్ దిగింది. ఈ టెక్సాస్ మట్టి ఎండకి ముడుచుకుంటుంది, వానకి ఉబ్బుతుంది. ఇరవై వేల డాలర్లు అక్కడే పోతాయి. కొత్తవాళ్ళు పెయింటు చూసి పడిపోతారు.”

ప్రిస్సిల్లా నోటుబుక్కులో రాసుకుంది. ఆమె ఐదేళ్ళ కూతురు మాయ గోళీ వెనకాల పరిగెత్తింది.

షాలేం రాజు డాలస్‌లోని ఒక తెలుగు చర్చిలో పెద్ద. వారమంతా ఆఫీసు, శనివారాలు ఇళ్ళ వేట. వాయిదాలు కట్టలేక వేలానికొచ్చిన ఇళ్ళు కొని, బాగుచేసి అమ్ముతాడు. ఈ ఇల్లు పన్నెండోది, పోయిన నెలే కొన్నాడు. అడిగినవాళ్ళకి ఉచితంగా నేర్పుతాడు కూడా. కొనడం కన్నా నేర్పడమే ఆయనకి ఎక్కువ ఇష్టమని ఆయన భార్య అంటుంది. ప్రిస్సిల్లా వాళ్ళు ఆ చర్చికి రావడం మొదలుపెట్టి రెండు నెలలే. పోయిన ఆదివారం ఆరాధన అయ్యాక, బిర్యానీ ప్లేటు చేత్తో పట్టుకునే, “నాకూ నేర్పండంకుల్,” అంది.

ఆమెకు వ్యాపారం అక్కర్లేదు. డాలస్ పక్కనే ఉన్న కాపెల్‌లో ఒక్క ఇల్లు దక్కితే చాలు. ఆగస్టులో మాయ అక్కడి స్కూల్లోనే కిండర్‌గార్టెన్‌కి వెళ్ళాలి. ఆయనతోనూ ఆ మాటే చెప్పింది.

“కాపెల్లే ఎందుకమ్మా? ఇంకో ముప్ఫై మైళ్ళు అటు వెళితే సగం ధరకి వస్తాయి.”

“కాపెల్లోనే కావాలంకుల్.”

“అదే మొదటి తప్పు. ఇంటిని ప్రేమించకూడదు. ఇల్లు మనకి సరుకు.”

“సరే అంకుల్,” అంది గానీ ఆ మాట రాసుకోలేదు.

“మీ ఆయన జూడ్ రాలేదేం?”

“ఆయనకి ఇవన్నీ ఇష్టం ఉండవు.”

“మీ ఆంటీ కూడా అంతే. ఒకరి ఏడుపు మీద మనం బతకడమేంటండీ అంటుంది. తన వంటింట్లో గ్రానైటు ఎవరి ఏడుపో మాత్రం అడగదు.”

ఖాళీ చేసి వెళ్ళినవాళ్ళు అన్నీ తీసుకెళ్ళలేదు. పిల్లల గదిలో కప్పుకి నక్షత్రాల స్టిక్కర్లు అలాగే ఉన్నాయి. మాయ కార్పెట్ మీద వెల్లకిలా పడుకుని వాటిని చూస్తోంది.

“అమ్మా, ఈ రూమ్‌లో కిడ్ ఎక్కడికి వెళ్ళింది?”

“కొత్త ఇంటికి తల్లీ,” అన్నాడు షాలేం రాజు.

ప్రిస్సిల్లా పిల్లను చెయ్యి పట్టి లేపింది. “ఇలాంటివి మీకెలా తెలుస్తాయంకుల్?”

“నెలనెలా మొదటి మంగళవారం కౌంటీ వేలం. మూడు వారాల ముందే లిస్టు పెడతారు, అది అందరూ చూస్తారు. లిస్టుకెక్కకముందే పట్టుకోవాలి. అందుకు మనవాళ్ళే మేలు.”

“మనవాళ్ళా?”

“మన చర్చిలో వచ్చే ప్రేయర్ రిక్వెస్టులు చూడు. జబ్బయితే జబ్బని రాస్తారు, వీసా అయితే వీసా అని రాస్తారు. ‘చెప్పలేని మనవి’ అని రాశారంటే అది ఇల్లే. లాన్ కోయిస్తూనే ఉంటారు, బర్త్‌డేలు చేస్తూనే ఉంటారు, బ్యాంకువాళ్ళ ఫోను మాత్రం ఎత్తరు. ఆఖరి వారం దాకా తోడబుట్టినవాళ్ళకీ చెప్పరు. సిగ్గు. ఆ సిగ్గే మనకి డిస్కౌంటు.”

ప్రిస్సిల్లా నోటుబుక్కులో కొత్త పేజీ తిప్పింది. తర్వాత అడిగింది. “చేతిదాకా వచ్చి జారిపోయినవి ఉన్నాయా?”

“లేకేం? ఫ్రిస్కోలో జగన్మోహన్ గారిది. అన్నీ కుదిరాయనుకున్నాక పోయింది.”

“ఎలా పోయింది?”

షాలేం రాజు నవ్వాడు. “వచ్చేది వదిలేసి పోయేదాని మీద పడ్డావేంటమ్మా?”

“తెలిస్తే జాగ్రత్త పడొచ్చు కదంకుల్.”

“బుర్ర ఉంది నీకు. ఇన్నాళ్ళలో ఎవరూ అడగలేదు.” ఆయన వంటింటి గట్టుకి జారగిలబడ్డాడు. “ఆయన సిగ్గొదిలేసి బ్యాంకుకి ఫోన్ చేశాడు. జీతం ఆగింది, వాయిదా తగ్గించండని అర్జీ పెట్టాడు. వేలానికి నలభై రోజుల ముందే పూర్తి అర్జీ పెడితే, అది తేలేదాకా బ్యాంకు ఇల్లు అమ్మకూడదు. రూలు ముప్ఫై ఏడంటుంది, నేను నలభై అంటాను. ఒక్క కాగితం తగ్గినా అది లెక్కలోకి రాదు.”

“ఏమేం కాగితాలు?”

ఆయన వేళ్ళు మడుస్తూ చెప్పాడు. ఉద్యోగం పోయిన లెటరు, బ్యాంకు స్టేట్‌మెంట్లు, ట్యాక్సు పేపర్లు, కష్టం వివరిస్తూ సొంత సంతకంతో ఉత్తరం. ప్రిస్సిల్లా అన్నీ రాసుకుని, మళ్ళీ చదివి వినిపించి, సరేననిపించుకుంది.

“బ్యాంకు కాదంటే?”

“ఏజెంటుని పెట్టి మామూలు ధరకి అమ్ముకుంటారు. అప్పు పోగా మిగిలింది వాళ్ళకే. మనకేం రాదు. అందుకే ముందుగా వెళ్ళి ప్రేమగా చెప్పాలి, బ్యాంకుతో పెట్టుకోకండి, నేనున్నానని.”

“అర్థమైందంకుల్.”

“నీలో జాలి లేదమ్మా,” అన్నాడు మెచ్చుకోలుగా. “ఈ లైన్లో పైకొస్తావు. ఇంతకీ ఏ ఇల్లన్నా కంటబడిందా?”

“ఒకటుంది. కాపెల్లోనే. ఇంకా లిస్టుకెక్కలేదు.”

“ఓనర్లు తెలుసా?”

“తెలుసు. మంచివాళ్ళే.”

“మంచివాళ్ళయితే ఇంకా తేలిక. సోమవారం ఇద్దరం కలిసి వెళదాం.”

“సోమవారం దాకా ఎందుకంకుల్? ఈ రోజే మాట్లాడతాను.”

షాలేం రాజు తలుపు తాళం వేస్తూ, ఇలాంటి శిష్యురాలు తనకింతవరకూ దొరకలేదన్నాడు.

మాయను కార్ సీట్లో కూర్చోబెట్టి బెల్టు పెట్టింది ప్రిస్సిల్లా. ఆయన కారు మలుపు తిరిగేదాకా చూసి, నోటుబుక్కు స్టీరింగ్ మీద పరుచుకుని ఒక నంబరు నొక్కింది. చాలాసేపు సంగీతం వినిపించింది. చివరికి పలికిన బ్యాంకు ఆవిడ, ఏ ఇంటి గురించో చెప్పమంది.

ప్రిస్సిల్లా తన ఇంటి అడ్రసు చెప్పింది.