మంద మధ్యలో మూలుగు

నా మాటల్లో సగం కోతలేనని మోంటానాలో మా ఊరివాళ్ళంటారు. ఇది మాత్రం మిగతా సగంలోది.

ఆ చలికాలం, ప్రభుత్వ అడవి అంచున, పొద్దుగుంకే వేళ మా బావమరిది డెల్మర్ ఒక ఆడ బైసన్‌ను కాల్చాడు. గుండు పొట్టలో దిగింది. అది మంచులో కూలబడి మూలగసాగింది గాని చావలేదు. ఆ అడవిదున్నల మంద వచ్చి దాని చుట్టూ నిలబడింది. పడిపోయిన దాని దగ్గర అవి కాసేపు అలా నిలబడి, తర్వాత వెళ్ళిపోతాయి. ఈసారి వెళ్ళలేదు. చీకటి పడిపోయింది. చీకట్లో తుపాకీ పేల్చడానికి చట్టం ఒప్పుకోదు.

"చూపు ఆననప్పుడు కాల్చొద్దంటే విన్నావట్రా? మీ అక్క గరిటె విసిరినా నీకంటే గురిగా తగుల్తుంది."

"ఎగతాళి చాల్లే బావా! తెల్లార్లూ అదలా అల్లాడుతుంటే నేను వినలేను. కత్తితో ముగించేసి వస్తా."

"ఒరే, ఆగరా!"

వాడు ఆగలేదు. మంచు మీద పడ్డ వెన్నెల్లో చూస్తుండగానే, మంద పక్కకు జరిగి వాడికి దారిచ్చింది. బైసన్ మనిషికి దారివ్వడం నేనెన్నడూ చూడలేదు. వాడు లోపలికి వెళ్ళగానే ఆ దారి మూసుకుంది.

"బావా, ఇక్కడేం లేదు! మంచు మీద నెత్తురు కూడా లేదు!"

"మరి మూలిగేదెవర్రా?"

"మూలుగేంటి? అదెప్పుడో ఆగిపోయిందిగా!"

నాకు వినిపిస్తూనే ఉంది.

బైసన్లన్నీ ఒక్కసారే లోపలికి ఒక అడుగు వేశాయి. పిలిచాను. డెల్మర్ పలకలేదు. చట్టాన్ని పక్కనబెట్టి తుపాకీ ఎత్తాను. ఎటు గురిపెట్టినా, ఆ నల్లటి ఒళ్ళ వెనకాలే ఎక్కడో మావాడున్నాడు.