పుంజుగారి పరామర్శ

పక్క దొడ్లో కోళ్లకు కొక్కెర తెగులు సోకిందని తెలిసి నల్లపెట్టకు గుండె జారింది. దాని పిల్లలు నిన్ననే గుడ్లలోంచి బయటపడ్డాయి. వాటి కళ్లలో ఇంకా టీకా చుక్కలు పడలేదు.

"ఆ దొడ్డికి వెళ్లొచ్చినవాళ్లు నా పిల్లల దగ్గరికి రాకండి. ఎవరెవరు వెళ్లారు?" అని అడిగింది.

ఎవరూ వెళ్లలేదట. డేగపుంజు అయితే ఛాతీ విరిచి, "అక్కడ నాకేం పని?" అన్నాడు. మొన్న అందరికీ చుక్కలు వేసిన రోజున, కూసే గొంతు పోతుందని చూరెక్కి కూర్చున్నది అతనొక్కడే.

గోడ మీద గిన్నీకోడి మెడ సాచింది. ఎవరు ఎటు పోతున్నారో చూడటం తప్ప దానికి వేరే పని లేదని దొడ్డంతా తిట్టేది.

"బావగారూ, పొద్దున కంచె కింద దూరి పరామర్శకు వెళ్లారుగా. రోగిష్టి పెట్టతో ఒకే చిప్పలో నీళ్లు కూడా తాగారు. మీరు తిరిగొస్తుంటే నేను అరిచాను. నన్నే నోరు ముయ్యమన్నారు."

పుంజు తోక వాల్చాడు. "వెళ్లకపోతే ఏమనుకుంటారోనని..."

"మంచి పని చేశావు బావా. ఇక గంప కింద కూర్చో," అంది నల్లపెట్ట. పెట్టలన్నీ కలిసి అతన్ని దూరంగా మూలనున్న గంప కిందికి తరిమాయి.

ఆ గంప కింద తుమ్ములు చాలా రోజులు వినిపించాయి. పిల్లల్లో ఒక్కటీ తుమ్మలేదు.

కోలుకున్నాక పుంజుకూ చుక్కలు వేశారు. గొంతేమీ పోలేదు. ఆ ఒక్కటే గిన్నీకోడికి నచ్చలేదు.