బల్ల మీద బొత్తాం

"నా బల్ల మీద బొత్తాం పెట్టిందెవరు?" డెస్మండ్ అరిచాడు.

లెస్టర్ ఊళ్లోని చర్చి హాల్లో శనివారం మధ్యాహ్నం. నల్లగుడ్డ పరిచిన బల్లే అంతరిక్షం. దాని మీద వేలెడంత తగరపు ఓడలు, చుట్టూ నలుగురు ఆటగాళ్లు.

"నేనే బాబూ," అంది టీకప్పుతో నిలబడ్డ ముసలావిడ.

మూడు వారాలుగా వచ్చి చూసిపోతోంది. పేరు ఎనిడ్ అని మాత్రం చెప్పింది.

డెస్మండ్‌కి ఒళ్లు మండింది. ఏడేళ్లు కూర్చుని తయారుచేసిన ఆట అది. అంతరిక్షంలో ఇంజను ఆపినా ఓడ ఆగదు, పోతూనే ఉంటుంది. ఆ నిజం చెడకూడదని పదహారు పేజీల లెక్కలు రాశాడు.

ఒక్క ఓడని కదపాలంటే ఇరవై నిమిషాలు. నిరుడు పన్నెండుమంది ఆడేవారు. ఈ నలుగురూ పోతే ఆట అటకెక్కినట్టే.

"ఓడ పోయినసారి ఎటు, ఎంత దూరం వెళ్లిందో ఈసారీ అంతే వెళ్తుంది కదా," అంది ఎనిడ్. "అక్కడ బొత్తాం పెట్టు. ఇంజను వాడితే బొత్తాన్ని అంగుళం జరుపు. ఓడని తీసి బొత్తాం ఉన్నచోట పెట్టెయ్. అంతే."

"ఇదేమన్నా వైకుంఠపాళీనా? పోనీ, మీరెన్ని అంతరిక్ష నౌకలు నడిపారేంటి మామ్మగారూ?"

"ఒక్కటే బాబూ."

హాలంతా నవ్వులు. అందరికంటే గట్టిగా నవ్వింది డెస్మండే.

ఎనిడ్ కూడా కాస్త నవ్వి, తన బొత్తాల డబ్బా కిటికీలో పెట్టి వెళ్లిపోయింది. మళ్లీ రాలేదు.

అక్టోబరుకి ఆ నలుగురిలో నైజెల్ ఒక్కడే మిగిలాడు.

"ఒరేయ్, ఆ బొత్తాలతో ఓసారి ఆడి చూద్దాం. పోయేదేముంది?"

ఆడారు. ఓడలు జారాయి, గురి దాటి దూసుకుపోయాయి, తిరగలేక తిప్పలు పడ్డాయి. డెస్మండ్ తన లెక్కలతో సరిచూశాడు. వెంట్రుకవాసి తేడా లేదు.

టీ వేళకి ఆట పూర్తయిపోయింది. ఏడేళ్లలో మొదటిసారి!

"ఎంత మాటన్నాన్రా ఆవిణ్ణి," అన్నాడు డెస్మండ్. తన నోటి దురుసుకి తనకే సిగ్గేసింది. "ఈ ఆట నియమాల పుస్తకం మీద నా పేరు పక్కనే ఆవిడ పేరూ వేస్తాను."

మూడు శనివారాలు ఆవిడ కోసం ఒక కుర్చీ ఖాళీగా ఉంచాడు. అందులో ఎవర్నీ కూర్చోనివ్వలేదు.

నాలుగో శనివారం నైజెల్ వచ్చి పేపరు చేతికిచ్చాడు.

"ఆవిడ పోయిందిట్రా. మంగళవారం."

పేపర్లో ఎనిడ్ పడుచుతనంలో తీసిన ఫోటో వేశారు. తోకచుక్క దగ్గరికి పంపిన నౌకని పదకొండేళ్లు నేల మీద నుంచి నడిపిన మనిషి అని కింద రాశారు. ఫోటోలో ఆవిడ ఒక పెద్ద పటం మీదకి వంగి ఉంది, మర్నాటికి నౌక చేరాల్సిన చోట ఆవిడ వేలి కింద ఒక కోటు బొత్తాం ఉంది.