బురదలో సాక్షులు

దొంగతనంగా ఎత్తుకుపోయేవాళ్లు ఎక్కడైనా ఉంటారు గానీ, దొంగతనంగా పురుగుల్ని తెచ్చి ఏట్లో పోయించినవాడు మాత్రం ఉప్పుటేటి గట్టున హనుమంతరావు ఒక్కడే.

పాపం, ఆయన అవస్థ అలాంటిది. ఆ వేసవిలోనే సర్కారువాళ్లు కొల్లేట్లో అక్రమమంటూ చెరువు గట్లన్నీ కొట్టేశారు. నలభై ఎకరాల చేపల చెరువులు పోయాయి. మిగిలిందల్లా ఉప్పుటేటి గట్టున రొయ్యల ఫ్యాక్టరీ. దాని మురుగంతా గొట్టంలోంచి నేరుగా ఏట్లోకే. ఏట్లో జీవమన్నది లేకుండా పోతోందని ఊరివాళ్లు పిటిషన్ పెట్టారు. చంపుతున్నది ఫ్యాక్టరీయా, ప్రకృతా తేల్చమని కాలుష్య మండలివాళ్లు ఇందుజ అనే సైంటిస్టుని పంపారు.

ఆమె రెండుసార్లు వచ్చి, గొట్టం దగ్గర అడుగు బురద తోడి, జల్లెడ పట్టి, అందులో పురుగుల్నీ నత్తల్నీ వెతికింది. రెండుసార్లూ సున్నా. మూడోసారి కూడా అంతే అయితే ఫ్యాక్టరీకి తాళం ఖాయమని హనుమంతరావు తిండి మానేశాడు.

ముప్పయ్యేళ్లు చెరువులు చేసిన మనిషి. అడుగున పురుగుంటే నీరు బాగున్నట్టని ఆయన లెక్క. ఫ్యాక్టరీ మెకానిక్ దస్తగిరిని పిలిచాడు.

“చేపల మార్కెట్ వెనకాల కాలవలో ఎర్ర పురుగులు కుప్పలుగా ఉంటాయి. రెండు డ్రమ్ముల బురద పట్రా.”

“అది మురుక్కాలవ కదండీ?”

“పురుగుని ఇంటిపేరు ఎవరడుగుతారయ్యా! మెదిలితే చాలు.”

ఇందుజ వచ్చే రోజు పొద్దున్నే దస్తగిరి ముక్కుకి తువ్వాలు కట్టుకుని రెండు డ్రమ్ములూ గొట్టం కింద కుమ్మరించి వచ్చాడు.

పది గంటలకి ఆమె జల్లెడ పైకెత్తింది. ఎర్రగా, లుకలుకలాడుతూ వందల పురుగులు!

“చూశారామ్మా! మా ఏరు ఎంత కళకళలాడుతోందో!” హనుమంతరావు సంబరం పట్టలేక కొబ్బరిబొండం కొట్టించి స్వయంగా అందించాడు.

ఇందుజ బొండం పక్కన పెట్టి, భూతద్దంలో చాలాసేపు చూసింది.

“అన్నీ ఒక్క రకమేనండీ. ఇవి కుళ్లిన మురుగులో తప్ప ఇంత గుంపుగా పెరగవు. ఇది ముమ్మాటికీ మనుషులు చేసిన కాలుష్యమే. ఫ్యాక్టరీ మూయమని రాయక తప్పదు.”

హనుమంతరావుకి ఏడుపొక్కటే తక్కువ.

“అదేంటమ్మా! మరి ఆ రెండుసార్లూ ఒక్క పురుగు కూడా లేదు కదా, అప్పుడే ఎందుకు మూయించలేదూ?”

ఇందుజ సంచిలోంచి టైపు చేసిన కాయితం ఒకటి తీసి, నిలువునా చింపేసింది.

“అప్పుడు ఏ ఫ్యాక్టరీ లేని ఎగువన కూడా పది కిలోమీటర్ల దాకా అంతే ఖాళీగా ఉందండీ, ఈ ఎండలకి సముద్రపు ఉప్పునీరు ఎగదన్ని చంపేసిందనీ, మీ తప్పేమీ లేదనీ రాసేసి, చివరిగా ఒక్కసారి చూసి మీ కాపీ మీకిచ్చి వెళదామనే ఇవాళ వచ్చాను.”