నత్త వెనక వరుస

మనుషులు అడుగుపెట్టకూడని ఒక పగడాల దీవిలో, సముద్రం వెనక్కి తగ్గినప్పుడు ఒక ముసలి నత్త ఇసుక మీద ఉండిపోయింది.

అక్కడి పీతలకు సొంత గుల్లలుండవు. ఖాళీ గుల్ల దొరికితే పెద్దపీత అందులో దూరుతుంది. దాని పాత గుల్లలోకి తర్వాతిది దూరుతుంది, అలా చివరిదాకా. ఎండకు నత్త ఎలాగూ పోతుందని, అవి పెద్దా చిన్నా ప్రకారం దాని వెనక వరుసగా నిలబడ్డాయి.

నత్తకు ఏమీ అర్థం కాలేదు. "దేనికోసం నాయనా ఈ వరుస?"

"ఖాళీ ఇంటి కోసం తాతా," అంది పెద్దపీత.

"ఏ ఇల్లు?"

పెద్దపీత ఇసుకలోకి చూసింది. వెనకున్నవీ ఇసుకలోకే చూశాయి.

నత్తకూ తన ఇల్లు ఇరుకైంది, ఆ ఖాళీ ఇల్లేదో తనకూ కావాలనిపించింది. ముందొచ్చినవాళ్లను కాదని తను ముందుండటం మర్యాదగా తోచలేదు. మెల్లగా పాకుతూ వెళ్లి, చివరనున్న బుల్లిపీత వెనక నిలబడింది.

వరుసంతా వెనక్కి తిరిగింది. బుల్లిపీత ముందయింది, పెద్దపీత చివరైపోయింది. ముందు నేనంటే నేనని గొడవ మొదలైంది. ఆ గొడవలోనే అల వచ్చి నత్తను తీసుకుపోయింది.

లోతుకు చేరాక కూడా నత్తకు ఒకటే బెంగ, ఇంతకీ ఆ ఇల్లు ఎవరికి దక్కిందోనని.