గోడలు తట్టిన మనిషి

వచ్చీ రాగానే ఆయన సంచీ కింద పెట్టి, వేలి కణుపుతో గోడ తట్టి చూశాడు.

“ఇన్సూరెన్సు ఇన్‌స్పెక్టరే!” అక్క చెల్లెలి చెవిలో ఊదింది. “నవ్వు మొహం పెట్టవే.”

“పొద్దుట్నుంచీ పెట్టే ఉంచాను. దవడలు లాగేస్తున్నాయి.”

అక్కాచెల్లెళ్ళు కొండ మీద పాత ఇల్లొకటి కొని, సెలవులకు వచ్చేవాళ్ళకు అద్దెకిస్తున్నారు. సొంతవాళ్ళుండే ఇంటికి ఒక పాలసీ, అతిథులుండే ఇంటికి వేరే పాలసీ అట. ఇన్‌స్పెక్టరు సరేనంటేనే అది చేతికొస్తుంది. లేకపోతే ఈ వేసవి బుకింగులన్నీ రద్దే.

ఇన్‌స్పెక్టరు ఇవాళ, అతిథి రేపు అని చెల్లెలు క్యాలెండరులో రాసిపెట్టింది.

పెద్దాయన మెట్ల రెయిలింగు ఊపాడు. “పిల్లలు పట్టుకుంటే ఊడొస్తుందమ్మా.”

“ఇప్పుడే బిగిస్తాం సార్!”

“సారేంటమ్మా, నేను...”

అంతలో చెల్లెలు స్క్రూడ్రైవరు తెచ్చేసింది. ఆయన అది అందుకుని తానే బిగించాడు.

“అయ్యో, మీరెందుకు సార్!”

“చేతులు ఊరుకోవు తల్లీ.”

సాయంత్రానికల్లా స్నానాలగదిలో జారే చోట రబ్బరు పట్టా వేయించాడు. గీజరు వైరు మార్పించాడు.

“ఈ గోడకి మాత్రం మేకు కొట్టకండి. లోపల నీళ్ళ పైపుంది.”

“గోడల్లోకి కూడా చూస్తున్నాడే!” అంది అక్క.

“మన మనసుల్లోకి చూడకపోతే చాలు.”

రాత్రికి అక్కడే పడుకుంటానన్నాడు. ఇదీ పరీక్షలో భాగమే కాబోలనుకుని కొత్త దుప్పటి పరిచారు.

తెల్లవారగానే వెళ్ళిపోయాడు. పాసయ్యారో లేదో చెప్పనే లేదు.

పది గంటలకు ఒకావిడ వచ్చింది.

“రండి రండి, మీ గది సిద్ధంగా ఉంది!”

“గదెందుకండీ? నేను ఇన్సూరెన్సు ఆఫీసు నుంచి.”

అక్క చెల్లెలి వంక చూసింది. చెల్లెలు క్యాలెండరు వంక చూసింది.

ఆవిడ అరగంటలో ఇల్లంతా తిరిగి సంతకం పెట్టింది. “వంక పెడదామంటే ఒక్కటీ దొరకలేదండీ.”

ఆవిడ గేటు దాటగానే ఇద్దరూ చేతులు పట్టుకుని గిర్రున తిరిగారు.

ఉన్నట్టుండి చెల్లెలు ఆగింది. “అయితే సెలవుకొచ్చిన మనిషి చేత మనం రెయిలింగు బిగించుకున్నామా!”

అక్క వీధి చివరిదాకా పరుగెత్తింది. ఎవరూ లేరు.

సాయంత్రం ఫోన్లో ఆయన అభిప్రాయం వచ్చింది. ఐదుకు ఐదు స్టార్లు, కింద ఒకే ఒక్క వాక్యం:

“నలభై ఏళ్ళు మేస్త్రీ పని చేశాను, నేను కట్టిన ఇంట్లో నేను నిద్రపోవడం ఇదే మొదటిసారి.”